రెండు బద్దల నడుమ వాదర

మడిచే మంగలి కత్తి గురించి మాట వచ్చినప్పుడు ఉక్కు నాణ్యత, పదును, దాని మీద కొట్టిన ముద్ర గురించి చెప్పుకునేవారే ఎక్కువ. ఆ ఉక్కును కడుపులో దాచుకునే పిడి సంగతి సాధారణంగా ఎవరికీ పట్టదు. అయినా కత్తి మూసినప్పుడు పదును చెడకుండా ఉండాలన్నా, తెరిచినప్పుడు చేతిలో కదలకుండా నిలవాలన్నా భారమంతా పిడి మీదే పడుతుంది. ఈ పిడి ఒకే ముక్కగా ఉండదు. సుమారు పదిహేను సెంటీమీటర్ల పొడవు, రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పలుచని బద్దలను ఎదురెదురుగా నిలిపి, ఒక కొసన కత్తి మెడ గుండా ఒక శీల, మరో కొసన ఒక చిన్న ముక్కను ఇరికించి దాని గుండా మరో శీల వేసి బిగిస్తే పిడి తయారవుతుంది. కత్తి మెడ గుండా పోయే శీలను ఇరుసు శీల అనవచ్చు, ఎందుకంటే కత్తి తెరుచుకోవడం, మూసుకోవడం దాని చుట్టూనే జరుగుతాయి. రెండో కొసన ఇరికించే ముక్క ఒక వైపు మందంగా, మరో వైపు పలుచగా ఉంటుంది కనుక దాన్ని వెడ్జ్ అంటారు. కత్తిలో గడ్డం గీసే అంచు వాదర, దానికి ఎదురుగా ఉండే మందపాటి భాగం వెన్ను, వాదర అంతమైన చోటు నుంచి వెనక్కి సాగే బిగువైన మెడ భాగం టాంగ్, దాని చివర పైకి వంగి వేలు ఆనడానికి వీలుగా ఉండేది తోక.

ఈ అమరికలో సూక్ష్మం అంతా ఒక్క అంశంలో ఉంది. సానపట్టిన వాదర అంచు మందం మైక్రాన్ల లెక్కలో ఉంటుంది కనుక అది చెక్కకు తగిలినా, కొమ్ముకు తగిలినా, శీలకు తగిలినా ఆ క్షణంలోనే పదును విరుగుతుంది లేదా మడత పడుతుంది. కాబట్టి మూసినప్పుడు కత్తి రెండు బద్దలకూ సరిగ్గా నడుమ, దేనికీ తగలకుండా దిగాలి. అంతే కాక దాని బరువుకు అది జారి తెరుచుకోకూడదు, తెరిచేటప్పుడు ఒంటి వేలితో తోకను నొక్కితే లేవాలి. రెండు బద్దలు, రెండు లేక మూడు శీలలు, ఒక వెడ్జ్, శీలల కొసలకు ఎక్కించే కొన్ని చిన్న బిళ్లలు తప్ప మరే భాగమూ లేని ఈ వస్తువులో ఇంత ఖచ్చితత్వం ఎలా సాధ్యమవుతుందన్నదే పిడి తయారీ విద్య. పిడిని అలంకారంగా చూసేవారు దాని రంగునూ నునుపునూ మెచ్చుకుంటారు గాని, నిజానికి అది స్ప్రింగుగా పనిచేసే యంత్రభాగం.

ఇప్పుడు కనిపించే మడత కత్తి రూపం యూరప్‌లో పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో స్థిరపడింది; దాన్ని ప్రపంచమంతటికీ అలవాటు చేసిన ఊళ్లలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌దే మొదటి స్థానం. అక్కడి కత్తుల పనివారి సంఘం, కంపెనీ ఆఫ్ కట్లర్స్ ఇన్ హాలంషైర్, 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. 1740 దశకంలో బెంజమిన్ హంట్స్‌మన్ మూసల్లో ఉక్కును కరిగించి ఏకరూపమైన ఉక్కు తీసే పద్ధతిని అక్కడే రూపొందించిన తరువాత, పలుచని వాదరను నిలబెట్టగల ఉక్కు షెఫీల్డ్ పనివారికి దండిగా దొరికింది. ఫ్రాన్సులో జాన్ జాక్ పెరే అనే కత్తుల పనివాడు 1769లో తన గడ్డం తానే గీసుకునే విధానం మీద ఒక పుస్తకం, 1771లో కత్తుల పని మీద చిత్రపటాలతో కూడిన మరో బృహద్గ్రంథం ప్రచురించాడు; కత్తుల తయారీ అప్పటికే రాసి నేర్పదగినంత క్రమబద్ధమైన శాస్త్రంగా ఎదిగిందనడానికి అది చాలు. షెఫీల్డ్‌లో ఒక కత్తి ఒకే మనిషి చేతిలో పూర్తయ్యేది కాదు. ఉక్కును కొట్టి సాగదీసేవాడు ఒకడు, చక్రం మీద అరగదీసేవాడు మరొకడు, బద్దలను వేడి అచ్చుల్లో ఒత్తేవాడు ఇంకొకడు, చివరికి అన్నింటినీ కలిపి శీలలు బిగించేవాడు వేరొకడు. అరగదీసే పనివారి పేరు చరిత్రలో కొంతైనా మిగిలింది, అది కూడా రాతిదుమ్ము పీల్చి వారి ఊపిరితిత్తులు పాడైన కారణంగా. బద్దలు ఒత్తినవారు, బిగించినవారు మాత్రం పేరు లేకుండానే పోయారు.

ఆ బద్దలకు వాడిన పదార్థాలలో అన్నిటికన్నా విస్తారంగా వాడింది, ఇప్పటికీ పనివారు ఇష్టపడేది కొమ్ము. ఆవు, ఎద్దు, గేదె కొమ్ములలో పైనుండే పొర కెరటిన్ అనే పదార్థంతో ఏర్పడుతుంది. మనిషి గోరు, వెంట్రుక కూడా ఇదే పదార్థం, అందుకే కొమ్మును గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేదా డ్రిల్లుతో బెజ్జం వేస్తున్నప్పుడు వేడి పుడితే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది. జింక కొమ్ము దీనికి భిన్నం, అది ఎముక. కెరటిన్‌కు ఉన్న గొప్ప గుణం ఏమిటంటే మరిగే నీళ్లలో గాని, వేడి సెగకు గాని అది మెత్తబడి, ఒత్తిన ఆకారానికి లొంగి, చల్లారాక ఆ ఆకారంలోనే బిగుసుకుంటుంది. కాబట్టి బోలుగా ఉన్న కొమ్మును నిలువునా చీల్చి, వేడి చేసి, వేడి ఇనుప పలకల నడుమ చదును చేసి, పిమ్మట కోసి, వేడి అచ్చులో ఒత్తితే పూలతీగలు, ఓడలు, రాజముద్రికలు చెక్కకుండానే బద్ద మీద తేలుతాయి. షెఫీల్డ్ పాత కత్తుల మీద కనిపించే అలాంటి బొమ్మలు చాలావరకు ఒత్తుడు పనే. తెల్లని, లేత పసుపు రంగు కొమ్ములో వెలుతురు దూసుకుపోతుంది, నల్లని గేదె కొమ్ము మెరుగు పెడితే నల్ల అద్దంలా మెరుస్తుంది.

ఈ ముడిసరుకులో భారతదేశానికి వాటా ఉంది. గేదె కొమ్ములు ఇక్కడి నుంచి ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేవి, ఆంధ్ర సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు, అలంకార వస్తువులు చేసే పని ఇప్పటికీ పేరున్నదే. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాలలో విశాఖపట్నంలో తయారైన పెట్టెల పైతొడుగుకు ఏనుగు దంతం, తాబేటి చిప్ప, గేదె కొమ్ము, గంధపు చెక్క వాడారు; షెఫీల్డ్ పనివాడు కత్తి పిడికి వాడిన పదార్థాలలో చాలావాటినే తెలుగు నేల మీద పనివాడు పెట్టె మీద పరిచాడన్నమాట. అయితే విశాఖ పెట్టె నేడు మ్యూజియంలో గౌరవంగా ఉంటే, అదే కొమ్ముతో చేసిన మంగలి కత్తి పిడి పాత సామాన్ల దుకాణాల్లో పడి ఉంటుంది. రెంటినీ ఒకే దృష్టితో చూడాల్సిన అవసరం ఉంది.

కొమ్ముకు లోపాలు లేకపోలేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండాకాలంలో వదులుతుంది. ఈ రాకపోకల వల్ల కాలక్రమంలో బద్దలు వంకరలు తిరుగుతాయి, పొరలు పొరలుగా విడతాయి. కొమ్మును కొన్ని పురుగులు కూడా తింటాయి, పాత కత్తుల పిడి మీద కనిపించే చిన్న గుంటలు, కొరికినట్టున్న గాట్లు వాటి పనే. వంకర తిరిగిన కొమ్ము బద్దను మళ్లీ వేడి నీళ్లలో మెత్తబరిచి, చదునైన పలకల నడుమ బిగించి చల్లారనిస్తే చాలావరకు సరి అవుతుంది. ఎండిపోయిన బద్దకు పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె పట్టించి కొన్ని రోజులు ఉంచితే జీవం తిరిగి వస్తుంది.

తాబేటి చిప్ప, ఏనుగు దంతం సంపన్నుల కత్తులకు వాడేవారు. హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు వీపు పలకల్లో తేనె రంగు మీద ముదురు మచ్చలుండే అందం కృత్రిమంగా తెచ్చుకోవడం కష్టమే గాని, ఆ జీవి అంతరించే స్థితికి చేరడానికి ఈ అందమే కారణమైంది. దంతం విషయంలోనూ అంతే. షెఫీల్డ్‌లోని జోసెఫ్ రాడ్జర్స్ సంస్థ పేరుమోసిన దంతపు వాడకందారు. 1989లో అంతర్జాతీయ ఒప్పందం ద్వారా దేశాల మధ్య దంతం వ్యాపారం నిషేధానికి నిర్ణయం జరిగి 1990 నుంచి అమలైంది, బ్రిటన్‌లో 2018లో చేసిన దంత చట్టం 2022 జూన్‌లో అమలుకు వచ్చింది, భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏనుగునూ ఈ తాబేలునూ కాపాడుతోంది. పాత దంతపు పిడిని కొనేవారూ అమ్మేవారూ ఈ చట్టాలు ముందు చదువుకోవడం మేలు. పిడి తయారీ విద్య నేర్వదలచినవారికి మాత్రం ఈ పదార్థాలతో పనే లేదు.

ఇక కృత్రిమ పదార్థాలు. రబ్బరును గంధకంతో వేడి చేసి గట్టిపరిచే పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంట్ పొందగా, గంధకం పాలు బాగా పెంచి చెక్కంత గట్టిగా మారే రబ్బరుకు అతని తమ్ముడు నెల్సన్ 1851లో పేటెంట్ తీసుకున్నాడు. నల్లగా మెరిసే ఈ గట్టి రబ్బరు కత్తి పిడికి చక్కగా కుదిరింది. ఎండ తగిలితే కాలక్రమంలో ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుందన్నదే దాని లోపం. ఆ తరువాత 1870లో జాన్ వెస్లీ హయత్ పేటెంట్ పొందిన సెల్యులాయిడ్ వచ్చింది. దూదిని నైట్రిక్ ఆమ్లంతో మార్చి, దానికి హారతికి వెలిగించే కర్పూరాన్నే కలిపి, వేడితో ముద్దచేసి తయారు చేసే ఈ పదార్థం దంతానికీ, తాబేటి చిప్పకూ నకలుగా మొదలైంది. అచ్చుల్లో ఒత్తి నెమళ్లు, పూలతీగలు, అర్ధనగ్న స్త్రీమూర్తులు తేల్చిన అమెరికన్ పిడులు ఈ కాలానివే. సెల్యులాయిడ్ బద్దను రుద్దితే కర్పూరం వాసన వస్తుంది, పాత పిడి దేనితో చేసిందో గుర్తుపట్టడానికి తేలికైన ఉపాయం అదే. కాని దాంతో పాటు తెలుసుకోవాల్సింది ఏమిటంటే అది తేలికగా మంటకు అంటుకుంటుంది, కాబట్టి దాన్ని మోటారు చక్రం మీద రుద్దడం మంచిది కాదు. ఇంకా ప్రమాదకరమైనది దాని ముసలితనం. కాలం గడిచేకొద్దీ సెల్యులాయిడ్ తనలో తానే విచ్ఛిన్నమై నైట్రోజన్ ఆక్సైడ్ ఆవిరులను వదులుతుంది; అవి గాలిలోని తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లంగా మారి, ఆ పిడిలోనే మూసి ఉన్న కత్తిని గోధుమ రంగు తుప్పుతో తినేస్తాయి. బయటికి చక్కగా కనిపించే పిడిలో బ్లేడు నడుము మీద మాత్రమే తుప్పు పట్టిన కత్తి కనిపిస్తే అనుమానించాల్సింది తేమను కాదు, పిడినే. ఇలాంటి పిడికి మందు లేదు. దాన్ని తీసేసి కొత్త బద్దలు వేయడం ఒక్కటే దారి.

చెక్క విషయంలో ఎంపిక సులువుగా కనిపిస్తుంది, కాని అన్ని చెక్కలూ పనికిరావు. మూడు మిల్లీమీటర్ల మందంలో చీలకుండా, సన్నని బెజ్జం వేసినా పెట్లకుండా, తడి తగిలినా ఉబ్బకుండా ఉండాలంటే నార దట్టంగా ఉన్న చేవ కావాలి. కొండపల్లి బొమ్మలకు వాడే పొనికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్రలు, చెక్కడానికి మెత్తగా ఉండే గుణం వల్లనే ఆ పనులకు ఎంపికయ్యాయి. అదే గుణం వల్ల అవి కత్తి పిడికి పనికిరావు. ఎబొనీ, జిట్రేగి లాంటి చేవలు కుదురుతాయి. బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు కూడా ఎబొనీ కుటుంబానికి చెందినదే, దాని ముదిరిన మాను నడుమ నల్లని చేవ ఉంటుంది. ఇప్పటి పనివారు శూన్యంలో రెసిన్ పట్టించి గట్టిపరిచిన చెక్కలనూ, గాజునారను ఎపాక్సీతో కలిపి ఒత్తిన జీ-10 పలకలనూ, యాక్రిలిక్ పలకలనూ కూడా వాడుతున్నారు. జీ-10 నీటికీ వేడికీ లొంగదు, వంకర తిరగదు, మొదటిసారి పని నేర్చుకునేవారికి దీనికి మించినది లేదు. కాని దాన్ని రుద్దినప్పుడు లేచే గాజునార దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక ముక్కుకు మాస్కు కట్టుకుని, తడి కాగితంతోనే రుద్దాలి.

తయారీ కాగితం మీద మొదలవుతుంది. కత్తిని కాగితం మీద ఉంచి, వెన్ను, వాదర, టాంగ్, తోక అన్నిటినీ గీసి, టాంగ్‌లో ఇరుసు బెజ్జం ఎక్కడుందో గుర్తిస్తారు; ఆ బెజ్జం దగ్గర గుండుసూది గుచ్చి కత్తి బొమ్మను తిప్పి చూస్తే మూసినప్పుడు మొన ఎక్కడికి వస్తుందో తెలుస్తుంది. మొన ముందు వెడ్జ్‌కు చోటు, వాదర కింద బద్దల వెడల్పు, మూసినా వేలికి చిక్కేలా తోక బయట ఉండే కొలత, ఈ మూడూ ఆ కాగితం మీదే తేలిపోవాలి. చాలామంది ఇక్కడే తొందరపడి, చేతికి అందంగా అనిపించిన వంపుతో బద్దను కోసి, చివరికి మొన వెడ్జ్‌కు తగిలిందని గ్రహిస్తారు. బొమ్మను మందపాటి అట్ట మీద దింపి కోసిన నమూనా చెక్క మీదో, కొమ్ము మీదో పెట్టి గీస్తారు.

రెండు బద్దలను వేరువేరుగా మలిస్తే అవి ఎన్నటికీ జోడు కావు. అందుకే రెండు పలకలను ఇరువైపులా అంటుకునే టేపుతో కలిపి ఒకే ముక్కగా చేసి, రెంటినీ ఒకేసారి రంపంతో కోసి, ఆకురాయితో ఒంపులు దిద్ది, బెజ్జాలు వేస్తారు. బెజ్జం నిలువుగా పడడం ముఖ్యం. చేతి డ్రిల్లు కాస్త వాలితే మూడు మిల్లీమీటర్ల మందంలో కనిపించదు గాని, రెండు బద్దలూ కలిశాక శీల ఒరిగి కత్తి ఒక బద్ద వైపు మొగ్గుతుంది. అందువల్ల నిలువు స్టాండుకు అమర్చిన డ్రిల్లే వాడాలి. శీల సుమారు 1.6 మిల్లీమీటర్ల లావుండే తీగ కనుక బెజ్జం దానికి అతి స్వల్పంగా పెద్దదైతే చాలు. ఇక్కడే పాత కత్తులతో ఒక చిక్కు వస్తుంది. టాంగ్‌లోని బెజ్జం చాలాసార్లు శీల కన్నా లావుగా ఉంటుంది, ఆ వదులు వల్ల కత్తి ఊగుతుంది. దానికి సన్నని ఇత్తడి గొట్టం ముక్క ఒకటి బెజ్జంలో ఇరికించి, దాని నడుమ శీల పోనిస్తే ఊగుడు ఆగిపోతుంది.

ఆ తరువాత బద్దల బయటి వైపును నడుమ కొంచెం మందంగా, అంచుల వైపు పలుచగా దించుతూ రుద్దుతారు. కత్తి నిలిచే లోపలి వైపు మాత్రం చదునుగా ఉండాలి. గరుకు కాగితాన్ని 220 నంబరుతో మొదలుపెట్టి 400, 600, 1000, 2000 వరకు క్రమంగా నునుపైన రకానికి మారుతూ, ప్రతి మెట్టులోనూ ముందు మెట్టు గీతలు పూర్తిగా పోయాకే తరువాతిదానికి పోవాలి. ఒక మెట్టు దాటవేస్తే దాని గీతలు అప్పుడు కనిపించవు, మెరుగు పెట్టాక వెలుగులో బయటపడతాయి. లోపలి వైపు మెరుగును బిగించక ముందే పూర్తి చేయాలి, బిగించాక అక్కడికి కాగితం పోదు. చెక్కకు అవిసె నూనె గాని, టంగ్ నూనె గాని పలుచగా ఎన్నోసార్లు పట్టించి ఆరబెడతారు. కొమ్ముకు మెరుగు కోసం నూనె అక్కరలేదు, అది సున్నితమైన రుద్దుడుతోనే వస్తుంది.

ఈ పని అంతటిలో అసలు పరీక్ష వెడ్జ్ దగ్గర ఉంది, కాని ఇది బయటికి అరచదరపు సెంటీమీటరైనా కనిపించని ముక్క కనుక చాలామంది దాన్ని చివర్లో చూసుకుందామని వదిలేస్తారు. పాత షెఫీల్డ్ కత్తుల్లో దీన్ని సీసంతో పోసేవారు, తరువాత కొమ్ము, ఎముక, చెక్క వాడారు. వెడ్జ్ లేకుండా రెండు బద్దలను సమాంతరంగా నిలిపితే టాంగ్ మందం వల్ల ఇరుసు దగ్గర ఎంత ఎడముంటుందో రెండో కొసనా అంతే ఉంటుంది. పిడి మోటుగా ఉంటుంది, బద్దల్లో ఎలాంటి బిగువూ ఉండదు. కాబట్టి వెడ్జ్‌ను టాంగ్ కన్నా పలుచగా పెడతారు; ఉదాహరణకు ఇరుసు దగ్గర ఎడం అయిదు మిల్లీమీటర్లుంటే వెడ్జ్ దగ్గర అందులో సగం దాకా ఉండవచ్చు. దానికి వాలు కూడా ఇవ్వాలి. కత్తి వైపు ఉండే పక్క కొంచెం మందంగా, పిడి కొస వైపు ఉండే పక్క పలుచగా ఉంటే బద్దలు కొస దగ్గర కలిసి, ముందుకు పోతూ విచ్చుకుని, ఇరుసు వైపు మళ్లీ దగ్గరవడానికి వంగుతాయి. ఆ వంపులో నిల్వ ఉన్న బిగువే టాంగ్‌ను ఇరువైపులా ఒత్తి పట్టుకుంటుంది. వాలు తారుమారైతే బద్దలు నడుమ లోపలికి నొక్కుకుని వాదరకు తగిలే ప్రమాదం ఉంది. వాలు లేకపోతే కత్తి దిగుతుంది గాని శీల బిగువు మీదే ఆధారపడాల్సి వస్తుంది, కొన్నాళ్లకు అది వదులవుతుంది. బద్దలను ఇంకా బిగించక ముందే తాత్కాలికంగా శీలలు దూర్చి, కత్తిని మూసి, రెండు బద్దల నడుమ వెలుతురు వైపు పెట్టి చూస్తూ, వెడ్జ్‌ను ఒక్కో రుద్దుడుతో సరిచేస్తూ పోవడమే దీనికి పద్ధతి. వెడ్జ్‌ను ఎపాక్సీ జిగురుతో అంటించేవారున్నారు. అయితే ఎప్పుడైనా విప్పాల్సి వస్తే బద్దే విరుగుతుంది కనుక శీల ఒక్కదానితోనే నిలపడం ఉత్తమం.

శీలలు ఇత్తడివి గాని, జర్మన్ సిల్వర్‌వి గాని వాడతారు. తెలుగు ఇళ్లలో పూజ సామాన్లుగా ఎరిగిన ఈ జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వంతైనా ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, కత్తి పనిలో దీనికి పేరు రావడానికి కారణం కిలుము తక్కువ పట్టడం, కొడితే చీలకుండా విచ్చుకోవడం. శీల కొసను బద్ద బయట మిల్లీమీటరు కన్నా తక్కువ మిగిల్చి తెంపి, ఆకురాయితో చదును చేసి, బద్దను కాపాడడానికి చిన్న కప్పు ఆకారపు బిళ్లను దాని చుట్టూ ఎక్కించి, తల గుండ్రంగా ఉన్న తేలికపాటి సుత్తితో మెల్లగా కొట్టాలి. ఇది బలం పని కాదు. శీల కొస అంచు చుట్టూ గుండ్రంగా తిరుగుతూ సుత్తి బరువుకే పడే చిన్న దెబ్బలు వేస్తే, కొన అంచు క్రమంగా విచ్చుకుని, బిళ్ల మీదికి దిగి, ఆవగింజంత గుండుగా మారుతుంది. నడుమ మీద కొడితే అది విచ్చుకోదు, లోపల శీలే వంగుతుంది; వంగిన శీల బెజ్జంలో ఒరిగి కత్తిని పక్కకు తోస్తుంది. ఒక వైపు ఆరేడు దెబ్బలు వేసి, పిడిని తిప్పి రెండో వైపు అన్నే వేస్తూ, దాగలి మీద నునుపైన చోట ఆనించి కొట్టాలి. కొమ్ము బద్ద అయితే ప్రతి రెండు మూడు దెబ్బలకూ అంచు చూసుకోవాలి, పగులు మొదట బెజ్జం దగ్గరే పుడుతుంది. వాదర మీద ముందే రెండు పొరలు టేపు అంటించి ఉంచడం, కత్తి ఎంత మొద్దుగా ఉన్నా, మానరాదు.

వెడ్జ్ కొసను ముందు బిగించి, ఇరుసు శీలను చివర్లో బిగిస్తే సరిచేసుకునే వీలుంటుంది. ఇరుసు శీల విషయంలో ఒక్కో దెబ్బ తరువాత కత్తిని తెరిచి మూసి చూడాలి. బాగా అమరిన కత్తి అడ్డంగా పట్టుకుంటే తన బరువుకు జారి తెరుచుకోదు, తోకను వేలితో ఒత్తితే సమంగా లేస్తుంది, మూసినప్పుడు మొన నుంచి టాంగ్ వైపు కొస దాకా వాదర బద్దల నడుమ గీతలా నిలుస్తుంది. ఒక వైపు మొగ్గితే ఏ శీల వంగిందో, ఏ బద్ద వంకరో, వెడ్జ్ ఏ వైపు మందమో చూడాలి. చాలాసార్లు తప్పు వెడ్జ్‌దే అయినా, కొట్టినవాడు శీలను మరింత గట్టిగా కొట్టడానికి పూనుకుంటాడు. అలా చేస్తే పిడి ఇరుక్కుపోయి, కత్తి తెరిచేటప్పుడు వేళ్లకు ఒత్తిడి ఎక్కువై జారి గాయమయ్యే అవకాశం పెరుగుతుంది.

పాత కత్తికి కొత్త బద్దలు వేయాల్సి వచ్చినప్పుడు మొదటి పని పాత శీలలను తీయడం. గుండును ఆకురాయితో పూర్తిగా అరగదీసి, సన్నని ముల్లులాంటి పనిముట్టుతో నడుమకు తాకించి బయటికి నెట్టాలి. గుండు ఒక వైపు అలాగే ఉంచి అటూ ఇటూ పీకితే కొమ్ము బెజ్జం చుట్టూ చీలుతుంది. అయితే అసలు తీయాలా వద్దా అని ఒకసారి ఆలోచించడం అవసరం. పందొమ్మిదో శతాబ్దపు షెఫీల్డ్ కత్తికి అచ్చు ఒత్తిన కొమ్ము బద్దలే ఉంటే, పగిలినా వాటిని అతికి నిలబెట్టడం చరిత్రకు న్యాయం. వాటిని పీకేసి రంగుల జీ-10 వేస్తే కత్తి వాడుకకు మెరుగవుతుంది గాని, ఆ వస్తువు చెప్పే సమాచారంలో సగం పోతుంది. సెల్యులాయిడ్ పిడి కుళ్లుతున్న కత్తికి ఈ సందేహం లేదు. సీసపు వెడ్జ్ ఉన్న కత్తిని విప్పినవారు దాన్ని గరుకు కాగితంతో రుద్దకుండా, చేతులు కడుక్కోకుండా తినకుండా జాగ్రత్త పడాలి.

ప్రస్తుతం తెలుగు ప్రాంతాల సెలూన్లలో కనిపించేది ఈ కత్తి కాదు. సగం బ్లేడు తొడిగి, ఒకరికి వాడాక తీసి పారేసే కత్తి దాని స్థానాన్ని తీసుకుంది. ఒకరి గడ్డం మీది రక్తం మరొకరికి తగలకూడదన్న ఆరోగ్య కారణం దీని వెనుక ఉంది, అది సహేతుకం కూడా. ఆ కత్తికి పిడిగా స్టీలు రేకో, ప్లాస్టిక్కో సరిపోతుంది. బ్లేడు పోగానే పోయే పదునును కాపాడే బాధ్యత పిడికి లేదు. రాతి మీద సానబట్టి, తోలుపట్టీ మీద తిప్పి నిలబెట్టుకునే వాదర ఉన్న కత్తికే ఈ బద్దలు, వెడ్జ్, ఆవగింజంత గుండ్లు అవసరం. ఇలాంటి కత్తిని వాడేవారు వాడాక బ్లేడునే కాక ఇరుసు దగ్గర బద్దల నడుమ కూడా తడి తుడిచి, కొంతసేపు తెరిచి ఆరనివ్వాలి; ఇరుసులో ఖనిజ నూనె చుక్క ఒకటి నెలకోసారి వేస్తే చాలు, ఎక్కువైతే కొమ్ము పొరల్లోకి పాకుతుంది. కోస్తా ఉప్పుగాలి ఉన్న చోట్ల కత్తిని బీరువాలో పెట్టేటప్పుడు వాదరకు పలుచగా నూనె రాయాలి, సెల్యులాయిడ్ పిడిదైతే మిగిలిన కత్తుల నుంచి దాన్ని వేరుచేసి గాలి ఆడే పెట్టెలో ఉంచాలి.